నాయనమ్మ లెక్కలో ఎనిమిదిమంది

మా నాయనమ్మ పోయిన మర్నాడు ఫ్లెక్సీ కొట్టించడానికి నల్లగొండ వెళ్లిన తమ్ముడు షాపులోంచి ఫోన్ చేశాడు. "అక్కా, జననం ఎప్పుడని అడుగుతున్నడు. ఏం వెయ్యమంటవ్?" ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. పెద్దనాన్న వెంటనే, "నూట రెండేండ్లు. వెనక్కి లెక్కేసి పెట్టమను" అన్నాడు. మా నాన్న తొంభై ఐదు దాటవన్నాడు. పెద్దత్త ఏడుస్తూనే, "మా అవ్వ నూరు నిండినంకనే పోయింది, ఎవరేమన్నా సరే" అని తేల్చేసింది. అవతల షాపులో తమ్ముడి వెనక ఇంకో నలుగురు నిలబడి ఉన్నారట. చివరికి మరణించిన తేదీ ఒక్కటే వేయించి తెచ్చాడు, 2024 ఫిబ్రవరి.

దినాలు అయిపోయాక నాన్న ఒక మాటన్నాడు. సంవత్సరీకానికి వచ్చే చుట్టాలకు స్టీలు గిన్నెలు పంచే బదులు, ఆమె గురించి నాలుగు పేజీలు రాసి అచ్చు వేయించి ఇద్దామని. రాసే పని నా మీద పడింది. నేను హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. "లెక్కలు చూసే పిల్ల గదా, అవ్వ వయసు లెక్క గూడ అదే తేలుస్తది" అన్నాడు పెద్దనాన్న, సగం ఎగతాళిగా. ఇంట్లో పెద్ద వయసువాళ్లు ఉన్నవాళ్లకు పనికొస్తుందేమోనని ఆ ఏడాదంతా ఏం చేశానో ఇక్కడ రాస్తున్నాను.

మొదట కాగితాలు వెతికాను. నాయనమ్మ సందుగలో, చీరల అడుగున, ఒక ప్లాస్టిక్ కవర్లో అన్నీ ఉన్నాయి. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం 1942 అని మాత్రమే ఉంది, నెలా లేదు, తేదీ లేదు. ఓటరు కార్డు ప్రకారం ఆమె ఇంకా చిన్నది. రేషన్ కార్డు మాత్రం ఆమెను బాగా ముసలిదాన్ని చేసింది. వీటిలో ఏ ఒక్కటీ పుట్టిన లెక్క చూసి రాసింది కాదు. ఎప్పుడో ఎవరో ఫారం పట్టుకుని వాకిట్లోకి వచ్చి, ఆమె ముఖం చూసి, తోచింది రాసుకుని పోయారు. ఆధార్‌నే నమ్ముదామంటే, బడి టీసీలో 1953లో పుట్టినట్టు ఉన్న మా పెద్దనాన్నను ఆమె పదకొండేళ్లకే కన్నట్టవుతుంది.

మరణం నమోదు చేయించడానికి పంచాయతీకి వెళ్తే ఆధార్‌లో ఉన్నదే వేశారు. అది 21 రోజుల్లోపు చేయించుకోవాలి, ఆలస్యమైతే తిరుగుడు పెరుగుతుంది. అలా ప్రభుత్వం లెక్కలో మా నాయనమ్మ 82 ఏళ్లకు పోయింది. నేను వాదించలేదు. పింఛను ఆపించడానికీ, బ్యాంకు ఖాతా మూయించడానికీ ఆ కాగితం చాలు.

ఆ కవర్లో నేను గమనించింది ఇంకోటి ఉంది. ప్రతి కాగితంలోనూ ఆమె పేరు కింద తాత పేరు ఉంది. పట్టా పాసు పుస్తకం తాత పేరు మీద ఉండి, తర్వాత కొడుకుల పేర్ల మీదికి పోయింది. కరెంటు బిల్లు పెద్దనాన్న పేరు మీద వస్తుంది. డెబ్బై ఏళ్లకు పైగా ఆ ఇంటిని నడిపిన మనిషికి సొంతంగా మిగిలిన కాగితం పింఛను పుస్తకం ఒక్కటే. వెయ్యి రూపాయలు వచ్చినప్పుడూ, అది రెండు వేల పదహారు రూపాయలు అయినప్పుడూ, ఆ డబ్బు నడుముకు దోపుకున్న తిత్తిలోకి పోయి, మనవళ్ల చేతుల్లోకి యాభైలుగా బయటికి వచ్చేది.

కాగితాల తర్వాత రికార్డింగులు పట్టుకున్నాను. 2020 లాక్‌డౌన్‌లో నేను ఊళ్లోనే ఉండి పని చేసుకున్నాను. మా ఊరు మునుగోడు దిక్కు. సిగ్నల్ కోసం మిద్దె మీద కూర్చుని పొద్దంతా ఎక్సెల్ షీట్లు, సాయంత్రం కిందికి దిగి నాయనమ్మ మంచం దగ్గర. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, "నాయనమ్మా, నీ జీవితం గురించి చెప్పు" అని అడిగితే, "ఏమున్నది బిడ్డా చెప్పేటందుకు? కష్టం చేసినం, తిన్నం, పిల్లల్ని సాదినం" అనేది. అంతే. ఇంకో రోజు, "నీ చిన్నప్పుడు ఎట్లుండేది?" అంటే, "గప్పుడు మంచిగుండె" అని పక్కకు తిరిగి పడుకుంది. జీవితం చెప్పమంటే ఎవరు మాత్రం ఏం చెప్తారు!

మాట ఆముదాల దగ్గర కదిలింది. పక్కింటివాళ్ల గట్టు మీద నాలుగు ఆముదం చెట్లుంటే, ఎండిన గెలలు తెచ్చి వాకిట్లో పోసుకుని గింజ వలుస్తోంది. "వీటిని ఏం జేస్తరు నాయనమ్మా?" అన్నాను. ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇంత చదువు చదివి ఇది తెలియదా అన్నట్టు చూసి, మొదలుపెట్టింది. గింజల్ని మూకుడులో దోరగా వేయించాలి, మాడితే నూనె నల్లగా వస్తుంది. రోట్లో వేసి మెత్తగా దంచాలి. పెద్ద కుండలో నీళ్లు మసిలేటప్పుడు ఆ ముద్ద వేసి కలుపుతూ ఉంటే నూనె పైకి తేలుతుంది. దాన్ని చిప్పతో మెల్లగా తీసి వేరే గిన్నెలో పోసుకుని మళ్లీ కాచాలి. చిటపట ఆగిందంటే నీళ్లు పోయి ఆముదం మిగిలినట్టు. కుండ దగ్గర కూర్చున్నంతసేపు ఎవరూ మాట్లాడకూడదట, దిష్టి తగిలి నూనె తేలదట. "అమ్మలక్కలు నోరు మూసుకోని కూసునేది గప్పుడొక్కటే" అని నవ్వింది.

అక్కడి నుంచి ఆముదాల చేనుకు పోయింది. నల్లగొండ, పాలమూరు ఎర్ర చెలకల్లో పత్తి రాకముందు రైతు చేతికి నాలుగు డబ్బులు వచ్చేది ఆముదంతోనే. దాసరి పురుగు పడ్డ ఏడు ఆకు మిగిలేది కాదట. "రాత్రి చేన్ల పంటే, పురుగు ఆకు తినే సప్పుడు చినుకులు పడ్డట్టే ఇనపడేది. వానొచ్చిందని మీ తాత గొంగడి కప్పుకుండు ఒకసారి." ఆ రోజు రికార్డింగ్ గంట దాటింది. అందులో నేను మాట్లాడింది నాలుగు ముక్కలే.

అప్పటి నుంచి ఆమె గురించి అడగడం మానేసి పనుల గురించి అడిగాను. పాతర ఎట్ల తవ్వేవాళ్లు, ఎడ్లకు జబ్బు చేస్తే ఏం పోసేవాళ్లు, బాలింతకు ఏం పెట్టేవాళ్లు, జొన్నలు దంచేటప్పుడు పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టేవాళ్లు. పని గురించి అడిగితే చాలు, మనిషి వెనకాలే వచ్చేది. పాతర తవ్వకం చెప్తూ చెప్తూ తనంతట తానే రజాకార్ల కాలంలోకి వెళ్లింది.

"కాపురానికొచ్చిన ఏడే గా రజాకార్ల గోల మొదలైంది. మీ తాత వాళ్లు వడ్లు, జొన్నలు పాతర్ల పోసి, మీద మట్టి గప్పి, దాని మీద పెంటకుప్ప పోసిండ్రు. పొద్దుగూకితే కోడండ్లను, ఎదిగిన పిల్లల్ని జొన్న చేన్లకు దోలేది. నాకు చేన్ల పాముల భయం. మా అత్తకు రజాకార్ల భయం." ఆ ఏడు ఊళ్లో బతుకమ్మ ఆడలేదు. తర్వాతి ఏడు "యూనియన్ పోలీసోళ్లు" వచ్చాక ఆడారు.

ఆమె నోట తారీకు ఒక్కటీ రాలేదు, కానీ నాకు కావలసింది దొరికింది. భారత యూనియన్ సైన్యం పోలీసు చర్య పేరుతో 1948 సెప్టెంబర్ 13న హైదరాబాద్ రాజ్యంలోకి దిగింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత రెండు వారాలకే బతుకమ్మ పండుగ. అంటే ఆడని బతుకమ్మ 1947ది, ఆడింది 1948ది. కాపురానికి వచ్చింది 1947 ప్రాంతంలో. పెళ్లినాటికి పెద్దమనిషి కాలేదని, రెండు బతుకమ్మలు పుట్టింట్లో ఆడాక అత్తగారింటికి పంపారని ఇంకో రికార్డింగులో ఉంది. పద్నాలుగేళ్ల పిల్ల అనుకుంటే పుట్టుక 1933 దగ్గర పడుతుంది. పెద్దనాన్న నూట రెండు అప్పుడే ఎగిరిపోయింది. ఆయనకు నేను వెంటనే చెప్పలేదు.

ఊహ మీద అచ్చు వేయించడం ఎందుకని నాయనమ్మ చెల్లెలు దగ్గరికి వెళ్లాను. చిన్న నాయనమ్మ అంటాం. సూర్యాపేట దిక్కు, మూసీ పక్క ఊరు. అక్కచెల్లెళ్లిద్దరూ పుట్టింది ఆ పక్కనే. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడదీశాక నాయనమ్మ పుట్టిల్లు సూర్యాపేట జిల్లాకు పోయింది, అత్తిల్లు నల్లగొండలోనే మిగిలింది. చిన్న నాయనమ్మకు చెవులు సరిగా వినపడవు, జ్ఞాపకం మాత్రం గట్టిది. విజయవాడ రోడ్డు మీద సైన్యం బండ్లు సూర్యాపేట వైపు పోతుంటే వాళ్ల నాయన ఇంట్లో అందరినీ లోపలికి తోసి తలుపు గడియ పెట్టాడట, ఈమె కిటికీ సందులోంచి చూసిందట. "మీ నాయనమ్మ అప్పటికే మీ ఊళ్ల ఉండె" అంది. నేను వేసుకున్న లెక్కకు అది సరిపోయింది.

పుట్టిన ఏడు అడిగితే కాసేపు ఆలోచించి, "మా నాయన శ్రీముఖ అంటుండె. శ్రీముఖో, భావో. రెంటిల ఒకటి" అంది. ఇంటికొచ్చి పంచాంగం తీశాను. అరవై ఏళ్ల చక్రంలో మొదటిదైన ప్రభవ 1987లో వచ్చింది, దాని ముందుది 1927లో. అక్కడి నుంచి ఏడోది శ్రీముఖ, 1933 ఉగాది నుంచి 1934 ఉగాది దాకా. ఎనిమిదోది భావ. అంతకు ముందు శ్రీముఖ 1873లో వస్తుంది, పెద్దనాన్న కూడా అంత దూరం పోడు. నాలుగు పేజీల్లో "శ్రీముఖ నామ సంవత్సరం, సుమారు 1933" అని వేయాలని ఆ రాత్రే అనుకున్నాను.

అయితే చిన్న నాయనమ్మ దగ్గర నాకు దొరికిన అసలు సంగతి అది కాదు. వచ్చేముందు, "మా అక్కకు ఎంతమంది పిల్లలని రాస్తున్నవ్?" అని అడిగింది. ఐదుగురు అన్నాను. మాకు తెలిసింది అంతే. పెద్దనాన్న, పెద్దత్త, మా నాన్న, చిన్నాన్న, చిన్నత్త. ఆమె తల అడ్డంగా ఊపి వేళ్లు మడవడం మొదలుపెట్టింది. మొదటిది ఆడపిల్ల, పురుడు పోసుకోకముందే పోయింది, పేరు లేదు. రెండోవాడికి యాదగిరి నరసింహస్వామి పేరు పెట్టారు. నడక వచ్చింది, మాట వచ్చింది, తాత గొంగడి లాగి ఆడేవాడు. అమ్మవారు పోసి పోయాడు. అప్పటికి పెద్దనాన్న పాలు తాగే పిల్లవాడు. ఆ తర్వాత పెద్దత్త. ఆమె వెనక ఒక ఆడపిల్ల, సాగర్ దగ్గర పోయింది. మిగిలిన ముగ్గురూ బతికారు. మొత్తం ఎనిమిదిమంది. "మా అక్కను ఎవరన్న అడిగితే ఎనిమిదిమంది అనే చెప్తుండె. మీరు ఎన్నడన్న అడిగిండ్రా?"

తిరిగి వచ్చే బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని సాగర్ మాట ఉన్న రికార్డింగ్ మళ్లీ విన్నాను. నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాది రాయి వేసింది 1955 డిసెంబర్ 10న. కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. మధ్యలో ఆ పన్నెండేళ్లు వేలమంది కూలీలు రాళ్లు మోసి కట్టిన కట్ట అది. కరువు ఏట తాత, నాయనమ్మ కూడా వెళ్లారు. రికార్డింగులో ఆమె తట్టలు మోసిన సంగతి, చెట్టుకు చీర కట్టి పెద్దత్తను ఊపిన సంగతి, వారం కూలీ ఇచ్చే రోజు సంతలో ఎండు చేపలు కొన్న సంగతి చెప్పింది. "అక్కడ ఎన్ని రోజులున్నరు?" అని నేను అడుగుతాను. "ఉన్నం కొన్నొద్దులు. ఆ పిల్ల పోయినంక వచ్చేసినం" అని, ఆ వెంటనే, "ఎండు చేపలు ఇప్పుడు దొర్కుతలేవు, దొరికినా గా రుచి లేదు" అంటుంది. ఆ పిల్ల అంటే ఎవరో పక్క గుడిసె పిల్ల అనుకుని విన్నాం అందరం.

ఇంకోటి కూడా రాయాలి. ఆ కట్టకు తట్టలు మోసిన ఆమె చెలకకు ఆ నీళ్లు రాలేదు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు పోయింది. మా మెట్ట ఎత్తు మీద ఉంది. మాకు మిగిలింది బోరు నీళ్లు, అందులో ఫ్లోరైడ్. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు, మా దిక్కు బోర్లలో చాలా చోట్ల అది దాటిపోయింది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు, దేశమంతా పుస్తకాల్లో చదువుకుంటారు. మా ఇంట్లో ఎవరూ ఆ పద్ధతిలో నీళ్లు తాగిన గుర్తు లేదు.

పాత ఫోటోలు ముందేసుకుని చూస్తే ఒక విషయం పట్టుకున్నాను. చిన్నాన్న పెళ్లి గ్రూప్ ఫోటోలో నవ్వుతున్న వాళ్లందరి పళ్ల మీదా గోధుమ రంగు చారలు, ఒక్క నాయనమ్మ పళ్లు తప్ప. పళ్లు లోపల తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగిన పిల్లలకే ఆ గార పడుతుంది. ఆమె ఆ వయసులో మూసీ పక్కన ఉంది. ఇక్కడికి వచ్చేనాటికి పళ్లు వచ్చేశాయి. ఎముకలు మాత్రం తప్పించుకోలేదు. అరవై దాటాక మెడ తిప్పలేకపోయేది, పిలిస్తే మనిషి మొత్తం తిరిగేది. మేం పిల్లలం దాన్ని ఆమె దర్జా అనుకునేవాళ్లం. తర్వాత కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాక ఒక గుక్క తాగి, "ఉప్పు లేదు, సప్ప లేదు, ఇవేం నీళ్లు?" అని పెదవి విరిచింది.

తాత కొన్న చెలక కాగితం పెద్దనాన్న బీరువాలో ఉంది. ఉర్దూలో రాసింది, ఇంట్లో ఎవరికీ చదవడం రాదు. నల్లగొండలో ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పి రిటైరైన ఒక సారు చదివి పెట్టారు. చాయ్ కూడా ఆయనే తాగించారు. కాగితం మీద ఉన్నది 1359 ఫస్లీ. నిజాం కాలంలో రెవెన్యూ లెక్కలన్నీ ఫస్లీలోనే. దానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది, అంటే 1949-50. ధర హాలీ సిక్కా రూపాయల్లో రాశారు. నిజాం సొంత నాణెం అది, దాదాపు ఏడు హాలీ ఇస్తే ఆరు కల్దార్ రూపాయలు, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయలు, వచ్చేవి. పోలీసు చర్య అయ్యాక కూడా కొన్నేళ్లు రెండూ చెలామణిలో ఉన్నాయి. ఆ డబ్బు ఎక్కడిదని నాయనమ్మను అడిగిన రికార్డింగ్ ఉంది. "నా కడియాలు, దండ కడియాలు, మా అమ్మ పెట్టిన గుండ్ల పేరు, అన్నీ పోయినయ్ గా చెలకకే." కాగితంలో కొన్నవారి పేరు తాతది. సాక్షులు ఇద్దరు, ఇద్దరూ మగవాళ్లే. నేను ఆ పేజీలో "నాయనమ్మ వెండి అమ్మి కొన్న చెలక" అని రాశాను. అలాగే ఉంచాను.

ఓటు దగ్గర మాత్రం ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. "నా మొదటి ఓటు రావి నారాయణరెడ్డికే ఏసిన, చంకల పిల్లగాడున్నడు" అని ఆమె చెప్పింది నాన్న, పెద్దనాన్న ఇద్దరూ విన్నారు. 1952లో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంటే ఆయన పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) తరఫున నల్లగొండ నుంచి నిలబడి, నెహ్రూకు వచ్చిన వాటికంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు వెళ్లాడు. మా జిల్లాలో ఇప్పటికీ గొప్పగా చెప్పుకునే సంగతి. ఆ ఎన్నికల్లో మా అవ్వ ఓటు కూడా ఉందని, చంకలో ఉన్నది తనేనని పెద్దనాన్న వాదన. కానీ ఓటుకు అప్పుడు 21 ఏళ్లు నిండాలి. 1933 లెక్క ప్రకారం ఆమెకు పంతొమ్మిది కూడా నిండలేదు. టీసీ ప్రకారం పెద్దనాన్న అప్పటికి పుట్టనే లేదు. రావి నారాయణరెడ్డి 1962లో మళ్లీ నల్లగొండ నుంచి పార్లమెంటుకు గెలిచాడు. అప్పుడైతే వయసూ సరిపోతుంది, చంకలో ఉన్నది మా నాన్న అవుతాడు.

ఇది చెప్పిన రోజు పెద్దనాన్న అన్నం సగంలో లేచాడు. "బడిల వయసు తక్కువేసి రాసిండ్రు. నేను యాభై ఒకటిల పుట్టిన. ఓటరు లిస్టుల మా అవ్వకు వయసు ఎక్కువేసి ఉంటరు. ఎవలు జూసొచ్చిండ్రు?" నిజానికి అదీ జరగకూడనిది కాదు. వయసు అడిగి, ముఖం చూసి రాసుకున్న కాలమే అది కూడా. నేను రెండూ రాశాను. 1952 అని పెద్దనాన్న మాట, 1962 అని నా లెక్క. నాన్న మాత్రం నోరు మెదపలేదు, చంకలో ఉన్నది తనేనని లోపల సంతోషంగానే ఉన్నట్టుంది.

రాయడం నేననుకున్నంత కష్టం కాలేదు. ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు దించాను, తారీకులు మాత్రం నేను చేర్చాను. "పూజ్యురాలు, అన్నపూర్ణ, త్యాగమూర్తి" లాంటివి చిన్నాన్న రాసి పంపాడు, వాటిని ముందు పేజీలో ఆయన పేరుతోనే వేశాను. నాయనమ్మ త్యాగమూర్తి అంటే నాకు కొంచెం అనుమానమే. పాలు పోసుకునేవాడు కొలతలో మోసం చేశాడని వాడి సైకిల్ గాలి తీసేసిన మనిషి. కోడళ్లతో ఆమె పడ్డ గొడవలు కూడా రెండు ముక్కలు రాశాను. మా అమ్మ చదివి, "ఇంతేనా?" అంది.

పిల్లల సంఖ్య దగ్గర మళ్లీ ఆగింది. "చచ్చిపోయినోళ్ల ముచ్చట శుభమా అంటూ సంవత్సరీకం నాడు పంచుతరా? ఐదుగురమే అని రాయి" అన్నాడు పెద్దనాన్న. పెద్దత్త కూడా మొదట అదే అంది. నేను వాళ్లకు సాగర్ రికార్డింగ్ వినిపించాను. "ఆ పిల్ల పోయినంక వచ్చేసినం" దగ్గర పెద్దత్త ఆపమంది. ఆమె ఆ పిల్లకు అక్క. ఆ చెట్టు కింద చీర ఉయ్యాలలో ఊగినప్పటికి రెండేళ్లదో మూడేళ్లదో, ఏమీ గుర్తు లేదు. కాసేపు కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుని, "ఎనిమిదే రాయి. అవ్వ ఎట్ల జెప్పిందో అట్లనే" అంది. పెద్దనాన్న ఇంకేం అనలేదు. ఆయన ముందు పుట్టినవాడి పేరు, నరసింహస్వామి పేరు, మొదటిసారి అచ్చులో పడింది.

2025లో తిథి నాడు వంద కాపీలు పంచాం. నాలుగు పేజీలనుకున్నది పన్నెండయింది. భోజనాలయ్యాక అరుగు మీద చదవని వాళ్లకు మా తమ్ముడు చదివి వినిపించాడు. తప్పులు దిద్దడం అక్కడే మొదలైంది. దండ కడియాలు చెలకకు కాదు, పెద్దత్త పెళ్లికి అమ్మారని ఒక ముసలాయన. చెలకకే అని ఇంకొకాయన. దాసరి పురుగు పడ్డ రాత్రి గొంగడి కప్పుకున్నది తాత కాదు, తాత తమ్ముడని ఆయన కొడుకు. అన్నీ నా కాపీ మార్జిన్‌లో బాల్‌పెన్నుతో రాసుకున్నాను, ఎవరు చెప్పారో పేరుతో సహా. రెండోసారి అచ్చు వేస్తే ఇవన్నీ పోతాయి అందులోకి.

మీరు కూడా ఇలాంటి పని పెట్టుకుంటే, మనిషి ఉండగానే పెట్టుకోండి అని చెప్పడం తేలిక. చిన్న నాయనమ్మ ఉంది కాబట్టి సగం సంగతులు దొరికాయి, ఇప్పుడు ఆమెవి రికార్డ్ చేస్తున్నాను. చెవులు వినపడవు కదా, ప్రశ్న కాగితం మీద రాస్తే చదవడం రాదు. అందుకని ఆమె కోడలు చెవి దగ్గర నోరు పెట్టి అరుస్తుంది, ఆ అరుపు కూడా రికార్డింగులో పడుతోంది.

చిన్నత్త బొంబాయి నుంచి వచ్చింది, మొత్తం పన్నెండు పేజీలు చదివి, "అన్నీ రాసినవ్ గని, అవ్వ పచ్చి పులుసు ఏది?" అని అడిగింది. దాని గురించి నిజంగానే ఎక్కడా లేదు. ఆ రాత్రే అత్తలిద్దరినీ, మా అమ్మనూ కూర్చోబెట్టి రాసుకున్నాను. చింతపండు నానబెట్టడం, ఉల్లిగడ్డ సన్నగా తరగడం, పచ్చి మిరపకాయ నిప్పుల మీద కాల్చి నలపడం దాకా అందరూ ఒకటే మాట. నువ్వుల పొడి దగ్గర గొడవ. వేస్తదని పెద్దత్త, ఎండాకాలంలోనే వేస్తదని చిన్నత్త, తాను కాపురానికి వచ్చాక ఏనాడూ వేయలేదని మా అమ్మ. ముగ్గురి మాటా రాసుకున్నాను, పదమూడో పేజీ అదే.